గోరుచుట్టు మీద రోకటి పోటు గారికి

విజయనగరం

రెండు పేజీల ఆసుపత్రి బిల్లు గారూ, నమస్కారం.

మన పరిచయం ఎలా జరిగిందో గుర్తుచేస్తాను. పైడితల్లమ్మ సిరిమాను పండగ నాడు మూడులాంతర్ల దగ్గర జనంలో ఎవరిదో బూటు నా బొటనవేలి మీద పడింది. ఆ గోరు అంచు అప్పటికే కండలోకి దిగబడి ఉంది. మా అమ్మ నిమ్మకాయకి కన్నం పెట్టి వేలికి తొడిగింది. నాలుగు రోజులకి నిమ్మకాయా కుళ్లింది, వేలూ చీము పట్టింది. అలా మీ దర్బారుకి కుంటుకుంటూ వచ్చాను.

డాక్టరు గారి మీద నాకే ఫిర్యాదూ లేదు. వేలి మొదట్లో రెండు పక్కలా లిగ్నోకెయిన్ మత్తు సూది వేశారు (అరిచిన మాట నిజమే), మొద్దుబారేదాకా ఆగారు. ఒక గ్లోవు వేలు కత్తిరించి, దాని కొస కూడా కోసి, నా వేలికి తొడిగి మొదటిదాకా చుట్టచుట్టారు. అంతే, రక్తం ఆగింది. గుచ్చుకున్న ముక్క లాగేసి, అటువైపు మళ్లీ మొలవకుండా ఫినాల్ అద్ది కట్టు కట్టారు. పావుగంట పని.

తర్వాత ప్రింటర్లోంచి మీరు దిగారు. 9,300 రూపాయలు.

సర్జన్ ఫీజు, సరే. మైనర్ ఓటీ, సరే. అనస్థీషియా 1,000 దగ్గర కళ్లద్దాలు తుడుచుకున్నాను. ఆ కింద 'గ్లోవ్స్ 2 జతలు', దాని కిందే 'టోర్నికే 1', అంటే రక్తం ఆపే పట్టీ. అయ్యా, ఆ టోర్నికే నా కళ్లముందే గ్లోవులోంచి పుట్టింది కదా! తల్లికీ పిల్లకీ రెండు టికెట్లా?

కౌంటర్లో అమ్మాయిని అడిగితే, "సిస్టమ్‌లో అలాగే వస్తాది సార్" అంది. పాపం, ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది?

బీమా కంపెనీలకి వాటి నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన జాబితాలో దూది, గాజుగుడ్డ, టేపు, టోర్నికే ప్రొసీజర్ ఛార్జీలోనే కలిసిపోవాలని ఉంది. నా పాలసీ ఏమో ఓపీలో చేసే పనికి రాదన్నారు. చేతి డబ్బు కట్టేవాడికి ఆ జాబితా చదివి వినిపించే నాథుడు లేడు.

మా మేనల్లుడు విశాఖలో అమెరికా ఆసుపత్రులకి మెడికల్ కోడింగ్ చేస్తాడు, అంటే చేసిన ప్రతి వైద్యానికీ బిల్లులో కోడ్ నంబరు వేసే పని. మిమ్మల్ని చూపిస్తే ఒకటే నవ్వు. "మావయ్యా, అక్కడ ఒక గోరు పీకితే 11730, ఆ పైన ప్రతి గోరుకీ 11732, మళ్లీ రాకుండా చేస్తే 11750. ఎడమ కాలి బొటనవేలైతే టీఏ, కుడిదైతే టీ5 అని కూడా వేయాలి. మెడికేర్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ బీమాలో అయితే కోసిన డాక్టరే మత్తు సూది వేస్తే దానికి వేరే బిల్లు పెట్టకూడదు" అన్నాడు. అక్కడి రేట్లు కూడా చెప్పబోయాడు గానీ నేనే వద్దన్నాను, ఒక నొప్పి చాలు.

మీరు మాత్రం రెండు పేజీలు నిండినా అది ఏ కాలో, ఏ వేలో ఒక్క ముక్క రాయలేదు.

ముక్క అంటే గుర్తొచ్చింది. నా గోరు ముక్క ఒకసారి చూపించమంటే పసుపు సంచిలో వేసేశామన్నారు. మీ ఆఖరి వరుసలో 'బయోమెడికల్ వేస్ట్ 100' అని ఉంది.

గురువారం డ్రెస్సింగ్‌కి రమ్మన్నారు. దూది నేనే తెచ్చుకుంటాను. కత్తెర కూడా.

ఇట్లు,
టీ5