మెకాంగ్ అనాది సరిహద్దు కాదు: నఖోన్ ఫనోమ్‌పై తప్పుడు ప్రచారానికి సమాధానం

థాయ్‌లాండ్ ఈశాన్య అంచున, మెకాంగ్ ఒడ్డున ఉన్న నఖోన్ ఫనోమ్ ప్రావిన్స్ గురించి ఒక సందేశం కొంతకాలంగా యాత్రికుల వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతోంది. అందులో చెప్పేవి ఇవీ. మెకాంగ్ వేల ఏళ్లుగా థాయ్, లావో జాతులను వేరు చేస్తున్న సహజ సరిహద్దు. థాట్ ఫనోమ్ స్తూపం 2500 ఏళ్లుగా చెక్కుచెదరలేదు. అక్కడి వియత్నామీయులు 1975 తర్వాత వచ్చిన కాందిశీకులు. వియత్నాం యుద్ధం ఆ మారుమూలను తాకనే లేదు. దీపాల పడవల పండుగ పర్యాటకుల కోసం కల్పించినది. ఫొటోలు బాగున్నాయి కాబట్టి మాటలూ నిజమే అనుకుని చాలామంది పంచుకుంటున్నారు. ఈ ఐదింటిలో ఒక్కటీ నిలబడదు.

ముందు సరిహద్దు సంగతి, ఎందుకంటే మిగతా తప్పులకు మూలం అదే. మెకాంగ్ ఇక్కడ సరిహద్దుగా మారింది 1893లో. ఆ జులైలో ఫ్రెంచి యుద్ధనౌకలు చావో ఫ్రయా నదిలోకి చొచ్చుకొచ్చి బ్యాంకాక్ ఎదుట లంగరు వేశాయి. సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) తలొగ్గక తప్పలేదు. అక్టోబరు 3 నాటి ఒప్పందంతో నది ఎడమ ఒడ్డు (నేటి లావోస్ వైపు), నదిలోని లంకలు ఫ్రాన్సు పరమయ్యాయి. కుడి ఒడ్డు వెంబడి 25 కిలోమీటర్ల లోపల సయాం సైన్యం ఉండకూడదన్న షరతూ పెట్టారు. 1926లో కుదిరిన మరో ఒప్పందం, లంకలున్న చోట థాయ్ ఒడ్డుకు దగ్గరగా ఉన్న పాయే సరిహద్దు అని తేల్చింది. నది మధ్యలోని లంకల్లో ఎక్కువ భాగం నేటికీ లావోస్‌కు చెందడానికి కారణం ఇదే. ఫిరంగులు చూపించి రాయించుకున్న గీతను ప్రకృతి గీసిందనడం చరిత్రకే కాదు, ఆ గీత వల్ల చీలిపోయిన కుటుంబాలకూ అన్యాయం.

అంతకుముందు ఈ నది జనాన్ని కలిపేది. 1353లో ఫా ఙుమ్ స్థాపించిన లాన్ సాంగ్ అనే లావో రాజ్యం రెండు ఒడ్డులనూ ఏలింది. రేపెవరో కొవ్వూరుకూ రాజమండ్రికీ మధ్య దేశ సరిహద్దు గీసి, గోదావరి అనాదిగా రెండు జాతులను వేరు చేసిందని రాస్తే మనకెలా ఉంటుంది? ఇదీ అలాంటి మాటే. సయాం మీద లావో రాజు అనువోంగ్ 1826-28లో చేసిన తిరుగుబాటును అణచివేశాక సయాం సేనలు అతని రాజధాని వియంటియాన్‌ను నేలమట్టం చేసి, ఎడమ ఒడ్డు జనాన్ని వేల సంఖ్యలో కుడి ఒడ్డుకు తరలించాయి. ఈ ప్రావిన్స్‌లోని రేణు నఖోన్‌లో నాట్యానికి పేరుపొందిన ఫూ థాయ్ ప్రజల పూర్వీకులు కూడా అవతలి ఒడ్డు నుంచి వచ్చినవారే. ఈ ఈశాన్య ప్రాంతాన్ని ఇసాన్ అంటారు. ఇక్కడ లావో మాట్లాడేవాళ్లు లావోస్ మొత్తం జనాభా కంటే ఎక్కువ. రెండు జాతులన్న మాట ఎక్కడ నిలుస్తుంది?

ఇక స్తూపం. బుద్ధుడి రొమ్ము ఎముకను ఆయన శిష్యుడు మహాకాశ్యపుడు తెచ్చి ఇక్కడ ప్రతిష్ఠించాడని స్థలపురాణం. భక్తుల విశ్వాసాన్ని గౌరవిస్తాను. అయితే కట్టడం వయసు వేరే లెక్క. అడుగుభాగంలో ఇటుకల మీదే చెక్కిన ఏనుగులు, గుర్రాల మీది రౌతులు, లతలు ఉన్నాయి. ఆ పనితనాన్ని బట్టి పరిశోధకులు దాన్ని బుద్ధుడి కాలానికి చాలా తర్వాతిదిగా, సుమారు వెయ్యేళ్ల నాటిదిగా లెక్కిస్తారు. 17వ శతాబ్దం చివర వియంటియాన్ నుంచి ఒక భిక్షువు జనంతో నది వెంట దిగివచ్చి దాన్ని పునరుద్ధరించాడు. 1940ల మొదట్లో థాయ్ ప్రభుత్వం కాంక్రీటు జోడించి ఎత్తు పెంచింది. చివరికి 1975 ఆగస్టు 11న, రోజుల తరబడి కురిసిన వానలకు తడిసి, స్తూపం మొత్తం కుప్పకూలింది. ఇవాళ ఫొటోల్లో మనం చూసేది ప్రజల విరాళాలతో 1979లో పూర్తయిన కట్టడం. చెక్కుచెదరలేదని చెప్పడమంటే, దాన్ని తిరిగి నిలబెట్టినవాళ్ల కష్టాన్ని చెరిపేయడమే. పాత రూపం ఎలా ఉండేదో చూడాలంటే రేణు నఖోన్‌లో దాన్ని చూసి కట్టిన చిన్న స్తూపం ఉంది.

వియత్నామీయుల గురించి రాసింది మరీ దారుణం. 1928లో వియత్నాం స్వాతంత్ర్య నాయకుడు హోచిమిన్ సయాం వచ్చినప్పుడు, నఖోన్ ఫనోమ్ పట్టణానికి దగ్గర్లోని నా చోక్ అనే ఊళ్లో తలదాచుకోగలిగింది అక్కడ అప్పటికే వియత్నామీయులు స్థిరపడి ఉన్నందువల్లనే. పెద్ద వలస 1946లో వచ్చింది. ఆ మార్చి 21న ఎదుటి ఒడ్డున, వియత్నామీయులు ఎక్కువగా ఉండే థాఖేక్ పట్టణం మీద ఫ్రెంచి సేనలు విరుచుకుపడ్డాయి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పడవల్లో నది దాటుతున్న జనం మీద విమానాల నుంచి తుపాకులు పేల్చారు. లావో యువరాజు సుఫనువోంగ్ ఆ దాటడంలోనే తీవ్రంగా గాయపడ్డాడు. అలా వచ్చినవారిలో వేలమంది 1960 నుంచి ఉత్తర వియత్నాం తిరిగి వెళ్లారు. వెళుతూ, ఆదుకున్న ఊరికి కృతజ్ఞతగా నది ఒడ్డున గడియార స్తంభం కట్టించారు. సందేశంతో పాటు తిరుగుతున్న ఫొటోల్లో ఆ స్తంభమూ ఉంది! ఉండిపోయినవాళ్ల పిల్లలు అక్కడే పుట్టి పెరిగినా, చాలామందికి థాయ్ పౌరసత్వం దక్కింది 1990లలోనే.

యుద్ధం తాకలేదన్న మాటకు ఎక్కువ సమాధానం అక్కర్లేదు. పట్టణానికి పడమరన అమెరికా వాడుకున్న వైమానిక స్థావరం ఉండేది. ఉత్తర వియత్నాం దక్షిణానికి సైన్యాన్ని, సరుకును పంపిన, లావోస్ అడవుల్లోని హోచిమిన్ దారి మీద విమానాలు జారవిడిచిన సెన్సర్లలో కొన్నింటిని మొక్కల్లా కనబడేలా తయారుచేశారు. లారీ కదిలితే అవి పంపే సంకేతాలను ఈ స్థావరంలోని ఐబీఎం కంప్యూటర్లు విశ్లేషించేవి. ఎక్కడ బాంబులు వేయాలో దాన్ని బట్టి నిర్ణయించేవారు.

దీపాల పడవల విషయంలో సందేశం చెప్పినదాంట్లో ఒక పాలు నిజం ఉంది. వేల దీపాలతో మేడల్లా లేచే వెదురు చట్రాలు, పోటీలు, బహుమతులు ఇటీవలివే. ఆచారం మాత్రం పాతది. వానాకాలంలో భిక్షువులు ఒకేచోట ఉండే వర్షావాసం ముగిసే పౌర్ణమి రాత్రి అరటి బోదెలు, వెదురుతో చేసిన తెప్పల మీద దీపాలు వెలిగించి నదిలో వదిలేవారు. నర్మదా తీరాన బుద్ధుడు వదిలిన పాదముద్రకు అది పూజ అని అక్కడివారి నమ్మకం. మన నర్మదే. అదే పండుగకు లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లోనూ దీపాల పడవలను ఇదే మెకాంగ్‌లోకి వదులుతారు. దాన్ని కూడా థాయ్ పర్యాటక శాఖే కల్పించిందని ఎవరూ అనలేరు.