తుంటి విరిగింది: ఆపరేషనా, వద్దా?

హన్మకొండలో ఒక వృద్ధాశ్రమం. 86 ఏళ్ల అవ్వ, మతిమరుపు జబ్బు ముదిరింది; ఇద్దరు పట్టుకుంటేనే కుర్చీలో కూర్చునేది. రాత్రి మంచం దిగబోయి పడింది. తొడ ఎముక పైభాగం, తుంటి దగ్గర, ఆ ఎముక మెడకు కాస్త కింద విరిగినట్టు ఎక్స్‌రేలో కనబడింది. ఎముకల డాక్టరు, ఆశ్రమం నర్సు వాదించుకుంటున్నారు.

డాక్టరు: 36 గంటల్లో, మహా అయితే 48 గంటల్లో లోపల రాడ్ పడాలి సిస్టర్. లేచి నడుస్తుందని కాదు. విరిగిన ముక్కలు కదులుతుంటే బెడ్‌పాన్ పెట్టినప్పుడల్లా అరుస్తుంది. ఆ అరుపుకు భయపడి పక్క తిప్పరు. ఇక పిరుదుల పైన పుండు, ఆ తర్వాత నిమ్ము.

నర్సు: తిప్పుడు మాకు తెల్వదా సార్? రెండు గంటలకోసారి తిప్పుతం. దిండు మడమ కింద కాదు, పిక్క కింద పెడ్తం. మడమ మంచానికి ఆనొద్దు. నా పరేషాన్ వేరే. 2014ల అమెరికా నర్సింగ్ హోమ్‌ల లెక్క వచ్చింది. తుంటి విరిగినోళ్లల్ల ఆరు నెలలకే 36 శాతం పోయిన్రు. ఎక్కువమంది ఆపరేషన్ అయినోళ్లే.

డాక్టరు: ఆపరేషన్ లేనివాళ్లు ఇంకా ఎక్కువ పోయారు, అదీ అందులోనే ఉంది.

నర్సు: మరీ ముదిరినోళ్లకే గదా వద్దనేది! వాళ్లు ముందే పోతరు, దాంట్ల వింతేముంది? 2022ల నెదర్లాండ్స్‌ల ఇసొంటి బలహీనమైనోళ్లనే చూసిన్రు. వద్దనుకున్నోళ్లల్ల నెలకే 83 శాతం పోయిన్రు, చేయించుకున్నోళ్లల్ల 25. అయినా వద్దనుకున్నోళ్లు బతికిన దినాలు, చేయించుకున్నోళ్లకంటే అధ్వాన్నంగ ఏం గడవలే.

డాక్టరు: అక్కడ నొప్పి తగ్గించే ఏర్పాటంతా సిద్ధంగా ఉంది. ఇక్కడ రాత్రి పదింటికి మార్ఫిన్ ఎవరు తెస్తారు? తొడ నరానికి మత్తు ఇంజక్షన్ ఇచ్చినా దాని పని ఒక రోజైనా నిలవడం కష్టం. అవి లేకుండా వద్దనడమంటే అరవనివ్వడమే.

నర్సు: సరే, చేస్తిరి. డిశ్చార్జి కాయితంల 'నడిపించాలి' అని ఒక్క ముక్క రాస్తరు. మూత్రం గొట్టం అట్లనే ఉంటది, నొప్పికి ట్రమడాల్ గోళీ రాసి పంపుతరు. రాత్రంతా కలవరింత, పొద్దున మలబద్ధకం.

డాక్టరు: ఒప్పుకుంటా. గొట్టం మర్నాడే తీసేయాలి, ఆ రోజే కుర్చీలో కూర్చోబెట్టాలి. కాలుమీద ఓర్చినంత బరువు మోపొచ్చు. లేపే ముందు అరగంటకు పారాసిటమాల్ 650. తిండి సంగతి మీది: 45 కిలోల మనిషికి రోజుకు 55 గ్రాముల మాంసకృత్తులు. గుడ్డుకు ఆరే గ్రాములు. జావతో అయ్యే పని కాదు.

నర్సు: రెండు గుడ్లు, అర లీటరు పాలు, గట్టి పప్పు పెడ్తం. కానీ తినిపిచ్చుడుకే ముప్పావు గంట, ఉన్నది ఒక్క ఆయా. ఇప్పుడు కొడుకు రేపు సాయంత్రం వస్తా అంటున్నడు.

డాక్టరు: అప్పటికి గడువు దాటిపోతుంది. ఇప్పుడే ఫోన్ చేద్దాం, నేను మాట్లాడతా.

నర్సు: మాట్లాడుండ్రి. 83, 25 రెండూ చెప్పుండ్రి. బతికిన దినాలు ఎట్ల గడిచినయో గది గూడ చెప్పుండ్రి.