గ్యాస్ అయిపోయింది సార్

మా కారుకి ఏటా ఉగాది దాటగానే ఒకే జబ్బు చేస్తుంది. దాని పేరు గ్యాస్ అయిపోవడం. ఏసీలోంచి వేడిగాలి వచ్చినా అదే, అసలు గాలే రాకపోయినా అదే, బెల్టు కీచుమన్నా అదే. ఒకసారి వైపర్ తిరగడం లేదని వెళితే, బానెట్ ఎత్తకుండానే "గ్యాస్ కూడా చూద్దాం సార్" అన్నాడు మెకానిక్.

కారు 1999 మోడల్ మారుతి 800. ఇంజిను 796 సీసీ, మూడంటే మూడే సిలిండర్లు. ఏసీ నొక్కగానే, నెలాఖర్లో చుట్టాలు దిగిన ఇంటాయనలా ఓ నిట్టూర్పు విడుస్తుంది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేముందు మా ఆవిడ "ఆపండి" అంటుంది, నేను ఏసీ ఆపుతాను. పైకి చేరాక "వేయండి" అంటుంది, వేస్తాను. ఈలోగా అద్దాలు దించాలా వద్దా అని వెనక సీట్లో చర్చ మొదలవుతుంది. అది తేలేలోపు దిగిపోతాం. కొత్త కారు కొనుక్కోవచ్చుగా అనే పెద్దమనుషులకు నమస్కారం. వాయిదాలు మీరు కడతానంటే రేపే వెళదాం.

అసలు చూడాల్సింది ఆటోనగర్‌లో జరిగే వైద్యం. మెకానిక్ డ్రైవర్ సీట్లో కూర్చుని ఏసీ ఫుల్లులో పెడతాడు. గాలొచ్చే జాలీ ముందు అరచెయ్యి చాచి కళ్లు మూసుకుంటాడు. షెడ్డులో మాటలు ఆగిపోతాయి. టీ తెచ్చిన కుర్రాడు గ్లాసులు గలగలమనకుండా నిలబడిపోతాడు. కాసేపటికి ఆయన చెయ్యి తిప్పి వెనకవైపుతో చూస్తాడు. అది సెకండ్ ఒపీనియన్. తర్వాత రెండో జాలీ. తర్వాత కిందికి దిగి, బానెట్ కింద సన్న పైపు ఓసారి, లావు పైపు ఓసారి పట్టుకుని, రోగి బంధువుల వైపు, అంటే నా వైపు, తిరిగి తల అడ్డంగా ఊపుతాడు. ప్రెషర్ చూసే మీటర్లు, నీలంది ఒకటి, ఎర్రది ఒకటి, గోడకి వేలాడుతుంటాయి. వాటికి దసరాకి బొట్టు పెడతారు. మిగతా రోజుల్లో ఎవరూ ముట్టుకోరు.

"అయిపోయింది సార్."

ఏమైపోయింది నాయనా? అది పెట్రోలా కాలిపోవడానికి? గ్యాస్‌ని కంప్రెసర్ నొక్కుతుంది, కండెన్సర్ చల్లారుస్తుంది, అది వాల్వు దగ్గర విప్పారి, డ్యాష్‌బోర్డు వెనక కాయిల్లో వేడి పీల్చుకుని మళ్లీ కంప్రెసర్‌కే వస్తుంది. గానుగెద్దులా తిరిగిందే తిరగడం తప్ప దానికి వేరే పని లేదు. పాత రబ్బరు గొట్టాల్లోంచి ఏడాదికి కొన్ని గ్రాములు పోతే పోవచ్చు. మొత్తం పోయిందంటే ఎక్కడో చిల్లుంది. ఆ మాటే అన్నాను. "ఉంటుంది సార్, పాత బండి కదా" అన్నాడు, నా వయసు చెబుతున్నట్టు.

చిల్లు చాలాసార్లు ఆ డ్యాష్‌బోర్డు వెనక కాయిల్లోనే ఉంటుంది. దుమ్ము, తడి చేరి అది తినేస్తుంది. చూడాలంటే డ్యాష్‌బోర్డంతా విప్పాలి, ఒకరోజు పోతుంది. చిల్లు పూడిస్తే వచ్చే ఏడాది నేను రాను. ఇంత చిన్న లెక్క అర్థం చేసుకోవడానికి నాకు ఆరు ఎండాకాలాలు పట్టింది.

ఈసారి అప్‌గ్రేడ్ చేయించాలని పట్టుబట్టాను. కొత్తరకం కండెన్సర్, దాని ముందు బలమైన ఫ్యాను, పూడుకుపోయిన రేడియేటర్ శుభ్రం. ఆయన ఇంకో నాలుగడుగులు ముందున్నాడు. పెద్ద కారు కంప్రెసర్ పెడదామన్నాడు. అది తిరిగితే ఇక చక్రాలు తిరగవని చెప్పాల్సి వచ్చింది. ఇంజిను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌నే, ఇంజిను వేడెక్కకుండా అని ఎప్పుడో పీకేశాడట, శుభవార్తలా చెప్పాడు. కూలెంట్ దండగ, బోరు నీళ్లు చాలన్నాడు. రేడియేటర్ అసలు ఆ నీళ్లలోని ఉప్పుతోనే పూడుకుపోయింది.

తర్వాత కుర్రాణ్ని పిలిచాడు. పదిహేనేళ్లుంటాయేమో. వాడు స్పానర్‌తో పైపు వదులు చేశాడు. మిగిలిన గ్యాస్ బుస్సుమని బయటికొచ్చింది. దాని పేరు ఆర్-134ఎ. బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే వందేళ్ల లెక్కన 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఎండ ఎక్కువైందని గ్యాస్ పట్టించుకుంటాం, పట్టించుకునేటప్పుడు ఎండని పెంచుతాం. సర్లే, ఇందులో ఓ అందముంది అనుకుంటుండగా, వాడు చెయ్యి విదిలించాడు.

ఆ గ్యాస్ మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒంటిమీద పడితే చర్మం గడ్డకడుతుంది. వాడి రెండు వేళ్లు తెల్లగా పాలిపోయాయి. గ్లవ్స్ లేవు. కళ్లజోడు లేదు. "అలవాటే సార్" అని వాడే నాకు ధైర్యం చెప్పాడు. ఆ వేళ్ల మీద అప్పటికే పాత మచ్చలున్నాయి. షెడ్డుకున్న ఒకే ఒక్క ఫ్యాను ఓనరు కుర్చీ వైపు తిరిగి ఉంది. సిగ్గులేదా అన్నాను. ఎవరినన్నానో ఆయనకి అర్థం కాలేదు. నన్నూ కలిపే అన్నాను. నా వెనక సీటు చల్లబడడానికి బడిలో ఉండాల్సిన పిల్లాడి వేళ్లు గడ్డకట్టాలా? ఆరేళ్లుగా పద్దెనిమిది వందలు చేతిలో పెట్టి, ఆ పైపు ఎవరు విప్పుతున్నారో చూడకుండా టీ తాగి వచ్చింది నేనేగా!

పక్క మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ కొనిచ్చాను. ఓనరు దాన్ని అడిగి తీసుకుని సొరుగులో పెట్టుకున్నాడు, అందరికీ పనికొస్తుందని.

సాయంత్రం బిల్లు వచ్చింది. గ్యాస్ 1,800. కింద ఇంకో లైను: లీక్ చెకింగ్, ఫ్రీ. చేయనిదానికి డబ్బులు తీసుకోలేదు, అంతవరకు న్యాయస్థుడే.