మార్కులకూ పాస్‌పోర్టు కావాలా?

కడప నగరంలోని ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ పాఠశాల తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఈ వారం పంపిన సర్క్యులర్ మా ముందుంది. అంతర్జాతీయ విద్యార్థి మార్పిడి కార్యక్రమం పేరుతో ఆరు రోజుల సింగపూర్ పర్యటన. ఒక్కొక్కరికి లక్షన్నర పైచిలుకు, మూడు వాయిదాల్లో కట్టాలి. కట్టాక వెనక్కి ఇవ్వరు. ఇంతవరకూ కొత్తేమీ లేదు, ఇలాంటి టూర్లు మన ఊళ్ల ప్రైవేటు బడుల్లో నడుస్తూనే ఉన్నాయి. కొత్త సంగతి రెండో పేజీలో ఉంది. పర్యటన మీద పిల్లలు రాసే నివేదికకు పోర్ట్‌ఫోలియో మార్కులు వేస్తారట. వెళ్లని పిల్లలకు ‘వేరే అసైన్‌మెంట్’ ఇస్తారట. ఆ అసైన్‌మెంట్ ఏమిటో, దాన్ని ఎలా దిద్దుతారో ఒక్క ముక్క లేదు.

సీబీఎస్‌ఈలో ప్రతి ప్రధాన సబ్జెక్టుకూ ఉన్న 100 మార్కుల్లో 80 రాతపరీక్షవి. మిగతా 20 బడి చేతిలో ఉంటాయి. అందులో 5 పోర్ట్‌ఫోలియోవి. పిల్లవాడు ఏడాది పొడవునా తరగతిలో చేసిన పనిని చూసి వేయాల్సిన మార్కులవి. అయిదే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. తొమ్మిదిలో ఒప్పుకున్న పద్ధతి పదిలోకి రాకుండా ఎవరు ఆపుతారు? పదిలో ఈ మార్కులు నేరుగా బోర్డు లెక్కలోకి పోతాయి. ఈ ఏడు సింగపూర్ అంటే వచ్చే ఏడు లండన్ అంటారు. ఈ బడి మొదలుపెడితే పక్క వీధి బడి ఊరుకోదు. విమానం టికెట్టుకూ మార్కుకూ ఒకసారి ముడి పడిందంటే విప్పడం ఎవరి తరమూ కాదు.

ఎవరినీ బలవంతం చేయడం లేదని, పిల్లలకు లోకజ్ఞానం వస్తుందని, తల్లిదండ్రులే అడుగుతున్నారని యాజమాన్యం అంటోంది. పిల్లలు పరదేశం చూడటం మంచిదే, కాదనం. కానీ మార్కులు పెట్టాక బలవంతం లేదనడం చెల్లదు.

పర్యటన పట్టిక కూడా చూశాం. ఆరు రోజుల్లో అక్కడి ‘భాగస్వామ్య పాఠశాల’లో గడిపేది ఒక్క పూట, ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు వరకు. మిగతాదంతా సెంటోసా, యూనివర్సల్ స్టూడియోస్, నైట్ సఫారీ, షాపింగ్. అక్కడి పిల్లలు తిరిగి కడపకు ఎప్పుడొస్తారో, ఎవరింట్లో ఉంటారో, అసలు వస్తారో రారో పట్టికలో లేదు. ఇది విహారయాత్ర. విహారయాత్ర అనే చెప్పి పంపితే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. మార్పిడి అని పేరు పెట్టి, దాని వెనక మార్కులు తగిలించడమే మోసం.

ఈ బడిలో చదివే పిల్లలంతా కలవారి బిడ్డలు కారు. కడప, బద్వేలు, రాజంపేట వైపు ఏ ఊరికి వెళ్లినా కువైట్‌లో ఇంటిపనికో డ్రైవరు పనికో పోయినవాళ్ల ఇళ్లు కనిపిస్తాయి. అమ్మ అక్కడ వండిపెట్టి, ఊడ్చి పంపిన దినార్లతో ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉండి ఇంగ్లిషు మీడియం చదువుతున్న పిల్లలు ఎందరో. ఫీజుకే గొలుసు బ్యాంకులో పెట్టిన ఇళ్లవి. ఆ పిల్లకు ఇప్పుడు పాస్‌పోర్టు కావాలి. మైనరు పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి అడుగుతారు. తల్లి పరదేశంలో ఉంటే అక్కడి మన రాయబార కార్యాలయం నుంచి ధ్రువీకరించిన పత్రం తెప్పించాలి. యజమాని సెలవు ఇస్తేనే గడప దాటగలిగే మనిషి ఆ కాగితం కోసం ఎన్నిసార్లు తిరగాలి? ఇంత చేసి డబ్బు సర్దలేకపోతే ఆ పిల్ల ‘వేరే అసైన్‌మెంట్’ రాసుకుంటూ ఖాళీ తరగతిలో కూర్చోవాలి. తిరిగొచ్చినవాళ్ల ఫొటోలు నోటీసు బోర్డుకెక్కితే చూడాలి. పద్నాలుగేళ్ల పిల్ల దీన్ని ఎలా దిగమింగుకుంటుందో సర్క్యులర్ రాసినవారు ఒక్క క్షణమైనా ఆలోచించారా?

డబ్బుతో పని లేకుండా పిల్లలను పరదేశం పంపే దారులు ఉన్నాయి. బడిపిల్లల కొత్త సైన్స్ ఆలోచనల కోసం కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పోటీలో జాతీయ స్థాయి దాకా నెగ్గిన పిల్లలకు, విదేశీ విద్యార్థులను జపాన్ పిలిపించుకునే సకురా సైన్స్ కార్యక్రమం కింద ఆ దేశం చూసే అవకాశం వస్తోంది. 2023 సెప్టెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల నుంచి పది మంది విద్యార్థులు న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితికి వెళ్లొచ్చారు, వారిలో ఆదోని కస్తూర్బా విద్యాలయం అమ్మాయి కూడా ఉంది. ఎవరి తండ్రీ వాయిదాలు కట్టలేదు. ఆ ఎంపిక మీద, ఆ ప్రచారం మీద విమర్శలు ఉంటే ఉండనీయండి, ఆర్థిక స్థోమత మాత్రం అక్కడ కొలబద్ద కాలేదు.

అయితే ఆ న్యూయార్క్ యాత్రను ఏటా పంపే ఏర్పాటుగా ప్రభుత్వం నిలబెట్టలేదన్న మాట కూడా చెప్పాలి. సర్కారు బడికి అంతర్జాతీయ హంగు తెస్తామన్న మిగతా మాటలూ అంతే. 2023లో టోఫెల్ ఇంగ్లిషు పరీక్ష అన్నారు, 2024 జనవరిలో అంతర్జాతీయ సిలబస్ అయిన ఐబీ కోసం ఒప్పందం అన్నారు, ఆ ఏడాదే ప్రభుత్వం మారగానే రెండూ అటకెక్కాయి. సర్కారు వదిలేసిన చోటును ప్రైవేటు బడులు టూరు ఏజెంట్లతో నింపుతున్నాయి.

అంతర్జాతీయ సంబంధాలకు విమానమే ఎక్కాలన్న నియమం ఎక్కడా లేదు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే తెలుగు పట్టుబట్టి నేర్చుకుని, తాళపత్రాలు పోగుచేశాడు, తర్వాత తెలుగు నిఘంటువు రాశాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు గ్రంథాలయం ఉంది. ఆ సింగపూర్ బడి పిల్లలతో వారానికో గంట వీడియో కాల్‌లో కూర్చుని, బ్రౌన్ లైబ్రరీ గురించో గండికోట గురించో మన పిల్లలు చెప్పొచ్చు, వాళ్ల సంగతులు వినొచ్చు. తరగతిలో ఉన్న ప్రతి ఒక్కరూ పాల్గొనవచ్చు. దానికి అయిదు మార్కులు వేయండి, మేమే ముందుగా మెచ్చుకుంటాం. మరి ఈ పని ఎందుకు చేయడం లేదు? ఏజెంటు కమీషన్ లేనందుకేనని తల్లిదండ్రులు అనుమానిస్తే తప్పు పట్టలేం. ఆ అనుమానం పోవాలంటే టికెట్టుకు ఎంత, హోటలుకు ఎంత, బడికి మిగిలేది ఎంత అన్నది యాజమాన్యం కాగితం మీద పెట్టాలి.

మొదటి వాయిదా గడువు వచ్చే సోమవారం. ఆలోపే మార్కుల వాక్యం కొట్టేసి కొత్త సర్క్యులర్ ఇవ్వాలి. ఇప్పటికే కట్టినవారు వద్దనుకుంటే పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. టూరుకు వెళ్లదలచినవారు వెళ్లొచ్చు, దానికి మార్కులతో పని లేదు. ఇక జిల్లా విద్యాశాఖ అధికారులు, సీబీఎస్‌ఈ ప్రాంతీయ కార్యాలయం, ప్రైవేటు బడుల ఫీజులు చూడాల్సిన రాష్ట్ర పాఠశాల విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్... ముగ్గురిలో ఒక్కరూ ఇంతవరకూ కదల్లేదు. లిఖితపూర్వక ఫిర్యాదు వస్తే చూస్తాం అన్నది మాకు దొరికిన జవాబు. బిడ్డ మార్కులు ఆ బడి చేతిలోనే ఉన్నప్పుడు ఏ తల్లి మీ ఆఫీసు మెట్లెక్కి సంతకం పెట్టి ఫిర్యాదు ఇస్తుంది? సర్క్యులర్ ఊరంతా వాట్సాప్‌లో తిరుగుతోంది. తెప్పించుకుని చదవండి, సోమవారం లోపు ఆ బడికి వెళ్లండి. జీతం తీసుకుంటున్నది అందుకే.