చేయి వేయడానికి ముందు

పెంపుడు జంతువులకు చేతులతో చేసే మృదువైన మర్దన, స్పర్శ చికిత్సల ప్రస్తావన వస్తే కొందరు అది కలవారి ముచ్చట అని కొట్టిపారేస్తారు, మరికొందరు మందులూ శస్త్రచికిత్సలూ అక్కరలేని వైద్యమని ఆకాశానికెత్తుతారు. మొదటివారు కుక్క శరీరాన్ని శ్రద్ధగా చూడలేదనీ, రెండవవారికి రోగం సంగతి పట్టదనీ నా అభిప్రాయం. ఈ చికిత్స పనికివస్తుంది. అయితే రోగం ఏమిటో పశువైద్యులు తేల్చిన తరువాత, వారు చెప్పిన మందులకు తోడుగా, తన హద్దులో తాను ఉన్నప్పుడే పనికివస్తుంది.

ఆ హద్దు ఎక్కడుందో ముసలి కుక్క నడకను గమనిస్తే తెలుస్తుంది. కుక్క నిలబడి ఉన్నప్పుడు దాని బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. పైగా మనకున్నట్టు కాలర్ బోన్ దానికి లేనట్టే లెక్క. ముందుకాళ్లను మొండేనికి పట్టి ఉంచేది ఎముకల కీలు కాదు, కండరాలే. తుంటి కీలు అరిగిన కుక్క వెనుకకాళ్ల మీద భారం తగ్గించుకోవడానికి ఒంటి బరువును మరికొంత ముందుకు మోపుతుంది. నెలల తరబడి అలా నడిచేసరికి, నొప్పి పుట్టినది తుంటిలోనైనా, మెడా భుజాలూ నడుమూ కూడా బిగుసుకుపోతాయి. నిదానంగా, తేలికైన ఒత్తిడితో నిమిరితే సడలేవి ఈ కండరాలే. కీలులో ఎముకల కొసలను కప్పి ఉంచే మృదులాస్థి మాత్రం ఒకసారి అరిగిపోతే ఎంత నేర్పరి చేతికైనా తిరిగి రాదు. అందువల్ల బరువు తగ్గించడం, నొప్పి మందులు, మితమైన నడక వంటివన్నీ పక్కన పెట్టి మర్దన ఒక్కదానినే నమ్ముకోవడం కుక్కను నొప్పికి వదిలేయడమే అవుతుంది.

నిదానం అన్న మాటకు ఇక్కడ కొలత కూడా ఉంది. చర్మాన్ని సుతారంగా తాకినప్పుడు స్పందించే సన్నని నరపు పోగులను స్వీడన్ శాస్త్రవేత్త ఇంగ్వె జొట్టర్‌మన్ 1939లో పిల్లులలో వర్ణించారు. మనుషులలో అటువంటి పోగులు సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు బాగా స్పందిస్తాయని తరువాతి పరిశోధనలు చూపాయి. కుక్కకూ ఇంచుమించు అదే వేగం నప్పుతుందనుకుంటే, 60 సెంటీమీటర్ల వీపును సెకనుకు 5 సెంటీమీటర్ల చొప్పున నిమరడానికి 12 సెకన్లు పడుతుంది. టీవీ చూస్తూ మనం చేసే పని రెండు సెకన్లలో అయిపోతుంది! గుర్రాల శిక్షకురాలు లిండా టెల్లింగ్టన్-జోన్స్ 1970లలో మొదట గుర్రాల కోసం రూపొందించిన పద్ధతిలో వేళ్లతో చర్మాన్ని ఒక చుట్టూ, ఆపైన మరో పావు చుట్టూ కదిలిస్తారు. ఆ చుట్ల లెక్కలో మహిమ ఏదో ఉందని నేను నమ్మను గాని, తొందరపడే చేతిని నిదానింపజేయడానికి అంతకంటే మంచి ఉపాయం కూడా నాకు తోచదు.

అయితే వేగం కంటే ముందు నేర్చుకోవలసినది చేయి తీయడం. కాసేపు నిమిరి, చేయి వెనక్కి తీసుకుని చూడాలి. ఇంకా కావాలనుకున్న కుక్క దగ్గరకు జరుగుతుంది, లేదా మూతితో చేతిని పొడుస్తుంది. వద్దనుకున్నది తల తిప్పుకుంటుంది, ఆకలి లేకపోయినా పెదవులు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కకు చూస్తుంది. నడుము మీద ఒకచోట చేయి పడగానే చర్మం జలదరించినా, కుక్క గభాలున వెనక్కి తిరిగి చూసినా అక్కడ గట్టిగా నొక్కి సంగతి తేల్చుకోబోకూడదు. ఆ చోటును గుర్తుంచుకుని వైద్యులకు చెప్పాలి. పిల్లి అయితే తోక కొసను విదిలించడంతోనే మాట ముగిస్తుంది. కుందేలు మరీ మోసం చేస్తుంది: వెల్లకిలా పడుకోబెడితే అది కదలకుండా ఉండిపోవడం సుఖం వల్ల కాదు, భయం వల్ల.

జ్వరం, మానని పుండు, కొత్తగా తగిలిన దెబ్బ, కారణం తెలియని గడ్డ ఉన్నప్పుడు మర్దన జోలికి పోకూడదు. డాక్స్‌హండ్ వంటి పొడుగు వీపు కుక్కలలో వెన్నుపూసల మధ్య డిస్కు జారడం సాధారణం కాబట్టి, ఉన్నట్టుండి వెనుకకాళ్లు తడబడితే అది క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవలసిన విషయం.

చికిత్స చేసేవారిని ఎంచుకునేటప్పుడు వారి గోడ మీది ధ్రువపత్రాల కంటే వారు అడిగే ప్రశ్నలను నేను ఎక్కువ లెక్కలోకి తీసుకుంటాను. వైద్యులు ఏమన్నారు, ఏ మందులు వాడుతున్నారు, మెట్లు ఎక్కుతోందా, పడుకున్నచోటి నుంచి లేవడానికి ఎంతసేపు పడుతోంది అని అడగకుండానే కుక్కను బల్ల మీదికి ఎక్కించేవారి దగ్గర అప్పటికప్పుడే సెలవు తీసుకోవచ్చు. కుక్క లేచే తీరును ఫోనులో వీడియో తీసి, కొన్ని వారాల తరువాత మళ్లీ తీసి పోల్చి చూడాలి. తేడా లేకపోతే తరువాతి మర్దనకు పెట్టే డబ్బుతో పశువైద్యుల దగ్గరకు తిరిగి వెళ్లి, నొప్పి మందు మోతాదు సరిపోతోందో లేదో చూపించుకోవడం మేలు.