చీటీలో లేని వచనం

ఒంగోలు దగ్గర ఒక బాప్టిస్టు కుటుంబం. అక్కకు ప్రధానం అయింది, చర్చిలో రెండు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివారు. మూడో ఆదివారం చదవలేదు. ఒప్పుకున్న కట్నం మీద ఇంకో ఐదు లక్షలు కావాలని అబ్బాయి తరఫువాళ్లు పట్టుబట్టారు, నాన్న వల్ల కాలేదు, సంబంధం తప్పిపోయింది. కొన్ని నెలల తర్వాత అక్కకూ, చర్చి మానేసిన తమ్ముడికీ మధ్య జరిగిన వాదం ఇది. నేను అక్క పక్షం. కానీ తమ్ముడి ప్రశ్నలు కొట్టిపారేసేవి కావు. వాటి పదును తగ్గిస్తే అక్కకే అన్యాయం చేసినట్టు.

తమ్ముడు: నువ్వు చర్చికెళ్తున్నందుకు నాకు కోపం లేదక్కా. "అంతా దేవుని చిత్తం" అని వాళ్లంటుంటే వింటూ కూర్చుంటున్నావే, అదీ నా బాధ. ఐదు లక్షలు అడిగింది దేవుడా? వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. ఏ మతం వాళ్లకైనా అదే చట్టం. మనిషి చేసిన నేరానికి దేవుని చిత్తమని పేరు పెడితే, ఆ మనిషి హాయిగా ఇంకో సంబంధం చూసుకుంటాడు.

అక్క: ఆ మాట విన్నప్పుడల్లా నాకూ కడుపు మండుతుందిరా. అడిగింది వాళ్ల దురాశ. దాన్ని దేవుడి మీదికి నెట్టడం పాపం. అంతవరకూ నీదీ నాదీ ఒకటే మాట.

తమ్ముడు: మరి వాగ్దానం సంగతి? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి దేవుని వాగ్దానమని నువ్వు తీసిన బైబిలు వచనం చీటీ. యిర్మియా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." అమ్మ దాన్ని బీరువా అద్దానికి అంటించింది. పెళ్లి కుదిరినప్పుడు వాగ్దానం నెరవేరిందన్నారు. చెడిపోయాక, నీకోసం ఇంకా మంచిది దాచి ఉంచాడన్నారు. ఎటు తిరిగినా నిజమయ్యే మాటను ఎలా నమ్ముతావు?

అక్క: చీటీలో ఉన్నది ఒక్క వచనం. నేను దాని ముందూ వెనకా చదివాను. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మియా ప్రవక్త యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం అది. సరిగ్గా పై వచనంలోనే ఉంది, డెబ్బై ఏళ్లు పడుతుందని. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లు చాలామంది సొంత ఊరు చూడకుండానే పోతారు. అంతకు ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో పోయినవన్నీ తిరిగొస్తాయని చెప్పాడు. జనానికి వినాలని ఉన్నది అదే. యిర్మియా అది అబద్ధమన్నాడు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్నాడు. "ఏడాది తిరక్కుండా మంచి సంబంధం వస్తుంది" అని నాతో అన్నవాళ్లది హనన్యా మాట. అది విని నేను ఇంకా కుంగిపోయాను. నన్ను మళ్లీ లేపి బడికి వెళ్లి పాఠం చెప్పుకునేలా చేసింది యిర్మియా మాట.

తమ్ముడు: కానీ మన చర్చిలో మైకు హనన్యాకే కదా. దేవుడు నాకిది చేశాడని ముందుకొచ్చి సాక్ష్యం చెప్పేదెవరు? వీసా వచ్చినవాడు, జబ్బు తగ్గినవాడు. గ్రూప్స్ రాసి రాసి వయసు దాటిపోయినవాడిని ఎప్పుడైనా ముందుకు పిలిచారా? అడిగింది దొరకనివాళ్లు వెనకాల కూర్చుని, నా విశ్వాసంలోనే లోపముందేమో అని కుమిలిపోతారు. నేను మానేసింది అందుకే.

అక్క: అది నిజం, నేను కాదనను. బైబిలు మాత్రం వాళ్లను వెనక్కి పంపలేదు. 88వ కీర్తన చూడు. హేమాను రాసింది. రాత్రీ పగలూ మొరపెడుతున్నానంటాడు, నీ ముఖం నాకెందుకు చాటుచేస్తున్నావంటాడు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆపేస్తాడు. ఆ తర్వాత స్తోత్రం లేదు, గెలుపు లేదు. దాన్ని ఆరాధన పాటల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. ప్రార్థనకు నోరు పెగలని రోజుల్లో నేను దాన్నే చదివాను. దేవుడి మీద ఫిర్యాదును దేవుడి ముందే చెప్పొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

తమ్ముడు: ఫిర్యాదు చెప్పావు. జవాబు వచ్చిందా? నిన్ను ఆదుకున్నది మనుషులక్కా. స్త్రీల సమాజం నుంచి వచ్చిన ఆ పెద్దావిడ ఒక్క వాక్యం చెప్పలేదు. మంచం కింద శుభలేఖల కట్టలుంటే అమ్మ కంటబడకుండా చీర చెంగు కప్పి తీసుకుపోయింది. తిరిగొచ్చి గిన్నెలు తోమింది. ఆదరణంటే నాకు తెలిసింది అదీ. మన ముందటివాళ్ల సంగతే తీసుకో. ధాత కరువులో, 1876–78లో, ఇక్కడి జనం ఆకలితో పోతుంటే మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. బతికించింది ఆ కూలి.

అక్క: కూలి బతికించింది. మరి ఆ తర్వాత? కరువు పనులు సాగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. ఆ సాయం ముగిశాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక ముట్టేదేమీ లేదని తెలిసీ వచ్చారంటే, వాళ్లకు ఇంకేదో దొరికింది.

తమ్ముడు: గౌరవం దొరికింది. ఊరి బయట ఉంచినవాళ్ల పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు.

అక్క: నేను చెప్తున్నదీ ఆ పక్కన కూర్చోవడమే. ఆ పెద్దావిడ దాన్ని ఎక్కడ నేర్చుకుంది? బైబిల్లో, అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులూ ఏమీ మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడగొట్టారు. చనిపోయిన లాజరు సమాధి దగ్గర, ఇంకాసేపట్లో అతన్ని లేపబోతున్న యేసే ముందు ఏడ్చాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయనే "ఈ గిన్నె నా యొద్దనుండి తొలగిపోనిమ్ము" అని అడిగాడు, తొలగలేదు. సిలువ మీద "నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని కేక వేశాడు. నేను అడిగింది జరగలేదు తమ్ముడూ. ఎందుకో నాకెవరూ చెప్పలేదు, చెప్పినా నమ్మను. అడిగి కాదనిపించుకున్నవాడి దగ్గరే కూర్చుని ఏడుస్తున్నాను. ఆయనకు నా ఏడుపు తెలుసు. నాకు దొరికిన ఆదరణ అంతవరకే, అది నాకు చాలింది.

తమ్ముడు: నాకది చాలదు. బాధ తెలిసినవాడు బాధను ఆపగలిగి ఆపకపోతే, ఆ తెలియడం నాకెందుకు?

అక్క: ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదురా. అడగడం మానెయ్యమని మాత్రం నిన్నెప్పుడూ అనను.

తమ్ముడు: సరే. మరి వాళ్లొచ్చి క్షమించమంటే?

అక్క: క్షమించడానికి రోజూ ప్రయత్నిస్తున్నాను. కొన్ని రోజులు కుదురుతుంది.

తమ్ముడు: అంటే కేసు వద్దంటావు.

అక్క: ఎవరన్నారు? ఐదు లక్షలు అడిగిన వాట్సాప్ మెసేజీలు నేను తుడిచెయ్యలేదు. సోమవారం లాయరు దగ్గరికి వెళ్దాం, నువ్వూ రా. వాళ్లు ఇప్పటికే ఇంకో పిల్ల ఇంటికి వెళ్లొచ్చారట.