మంచి చేసినవాళ్లంతా అబద్ధాలాడినవాళ్లే

గురజాడ అప్పారావు రాసిన కన్యాశుల్కం నాటకంలో సుబ్బి పెళ్లి చివరికి తప్పిపోతుంది. ముసలి లుబ్ధావధాన్లుకి డబ్బు పుచ్చుకుని కట్టబెట్టబోయిన ఆ చిన్నపిల్ల ఎలా బయటపడిందో ఒకసారి గుర్తు చేసుకోండి. మేనమామ కరటకశాస్త్రి గుంటూరు శాస్త్రుల్లుగా అవతారమెత్తి, శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, వాణ్ణే లుబ్ధావధాన్లుకి అమ్ముతాడు. వెనకాల ఉండి తతంగమంతా నడిపించింది వేశ్య మధురవాణి. మొదటి నుంచి చివరి దాకా అంతా మోసమే. అయినా ఆ పెళ్లి జరిగిపోతుంటే ప్రేక్షకుడు పడీపడీ నవ్వుతాడే తప్ప, అయ్యో, ముసలాయన్ని ముంచేస్తున్నారే అని బాధపడడు.

బాధపడాలా వద్దా అన్నది గురజాడ మనకి వదిలేసిన ప్రశ్న. దాన్ని మనం పెద్దగా పట్టించుకోలేదని నా ఫిర్యాదు. బళ్లో ఈ నాటకాన్ని ‘దురాచారంపై ధ్వజమెత్తిన రచన’ అని చెప్పి ముగించేస్తారు. అది అబద్ధం కాదు. తొలికూర్పు ముందుమాటలో గురజాడ తానే లెక్కలు రాశాడు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయిస్తే 1034 తేలాయి. అందులో ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. ఆ కోపంతోనే ఈ నాటకం పుట్టింది. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. కానీ ఇవాళ మనం చదివేది 1909లో ఆయన దాదాపు కొత్తగా తిరగరాసిన నాటకం. మధురవాణి ఇంత మనిషి అయింది ఆ రెండో కూర్పులోనే. దురాచారాన్ని ఎండగట్టడం ఒక్కటే ఉద్దేశమైతే ఆమెను అంతగా పెంచాల్సిన పని లేదు. ఈ రెండు కూర్పుల మధ్యకాలంలో ఆయన దృష్టి సమస్య మీంచి మనుషుల మీదకి మళ్లిందనిపిస్తుంది.

ముందు సంస్కర్తనని చెప్పుకు తిరిగే గిరీశం సంగతి. వీడు వితంతు వివాహం గురించి చెప్పే మాటలు చాలా వరకు సరైనవే. సుబ్బి అక్క, చిన్నతనంలోనే వితంతువైన బుచ్చమ్మ లాంటి పిల్ల జీవితాంతం వంటింట్లో మగ్గిపోవడం అన్యాయమన్నది నిజం. ఆ నిజాన్ని పలుకుతున్న మనిషి మాత్రం పూటకూళ్లమ్మ డబ్బు తెచ్చి మధురవాణికి తగలేసి, అప్పులవాళ్ల బాధ పడలేక తన శిష్యుడైన బుచ్చమ్మ తమ్ముడి వెంట కృష్ణరాయపురం అగ్రహారానికి పారిపోయి వచ్చినవాడు. నోట్లోంచి నిజం వస్తోంది, కడుపులో స్వార్థం ఉంది. వాదాన్ని నమ్మాలా, మనిషిని చూసి వాదాన్ని కొట్టేయాలా?

గురజాడ ఇక్కడ ఇంకో మెలిక పెట్టాడు. ఇదే గిరీశం అవసరమైతే బాల్యవివాహాల్ని కూడా సమర్థిస్తాడు. బాల్యవివాహాలుంటేనే పడుచు వితంతువులుంటారు, వాళ్లుంటేనే వితంతు వివాహమనే సంస్కారం ఉంటుంది, కాబట్టి నాగరికత పెరగాలంటే బాల్యవివాహాలు ఉండాల్సిందేనట! తర్కంలో ఎక్కడా లొసుగు కనపడదు. సంస్కరణ కోసం సమస్యని బతికించుకోవాలనే ఈ ధోరణి ఇప్పటికీ ఎక్కడెక్కడ కనిపిస్తుందో చెప్పడం మొదలుపెడితే ఈ వ్యాసం దారి తప్పుతుంది.

1955 సినిమాలో ఎన్టీఆర్ గిరీశం వేశాక ఆ పాత్ర మీద జనానికి మోజు మరీ పెరిగింది. ‘నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్’ అనే మాటని మనం ముచ్చటగా వాడుకుంటాం. ఆ ఎడ్యుకేషన్‌కి ఫీజు కట్టింది ఎవరో మర్చిపోతాం.

సుబ్బి తండ్రి అగ్నిహోత్రావధాన్లుది ఇంకో రకం. అతనికి నీతి లేదనడానికి వీల్లేదు. భార్య ప్రాణం తీసుకుంటానన్నా, బావమరిది గోల చేసినా, ‘తాంబూలాలిచ్చేశాను, ఇహ తన్నుకు చావండి’ అంటాడు. ఇచ్చిన మాట అతనికి కూతురి కంటే గొప్పది. మాట తప్పకపోవడం మంచి గుణమని మనమే పిల్లలకి నేర్పుతాం. అదే గుణం ఒక పసిపిల్లని మింగేయబోతుంది.

ఇప్పుడు కరటకశాస్త్రి దగ్గరికి వద్దాం. ఉద్దేశం మంచిది, దారి అడ్డదారి, పని జరిగింది. అక్కడితో అయిపోతే ఇదొక సరదా ప్రహసనం అయ్యేది. గురజాడ అక్కడ ఆగలేదు. దొంగ పెళ్లికూతురు మాయమయ్యాక లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు పడుతుంది. పిసినారి, ముసలితనంలో పెళ్లికి ఎగబడినవాడు, అన్నీ నిజమే. హత్య మాత్రం చెయ్యలేదు. అసలు చనిపోయిన మనిషే లేదు. నిజం బయటపెట్టాలంటే కరటకశాస్త్రి తానే చిక్కుల్లో పడాలి. మేనకోడలి కోసం ఎంత తెగువైనా చూపిన మనిషి అక్కడ జంకుతాడు. ఒక పిల్లని కాపాడిన అబద్ధం ఇంకొకడి మెడకి ఉరితాడయ్యేలా ఉంటే, ఆ తాడు విప్పాల్సిన బాధ్యత ఎవరిది?

ఆ బాధ్యత తన మీద వేసుకున్నది మధురవాణి. ఆమెకి అవసరం లేదు. కేసు ఎటు తిరిగినా ఆమెకి పోయేది లేదు. తన మెడలో కంటె అనే నగ కోసం, తనని ఉంచుకున్న రామప్పంతుల్ని మూడు చెరువుల నీళ్లు తాగించినంత తేలిగ్గా దీన్నీ ఒక వినోదంలా చూసి ఊరుకోవచ్చు. అలా కాకుండా మగవేషం వేసుకుని విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. వేశ్యల ముఖం చూడనని పట్టు పట్టిన మనిషి ఆయన.

ఆ గదిలో జరిగే సంభాషణ ఈ నాటకానికి గుండెకాయ. ముసలాయన్ని కాపాడే రహస్యం తన దగ్గర ఉందని, ప్రతిఫలంగా ముద్దు కావాలని మధురవాణి బేరం పెడుతుంది. సౌజన్యారావు నలిగిపోతాడు. ఒక పక్క తన వ్రతం, ఇంకో పక్క నిరపరాధి ప్రాణం. చివరికి సరేనని ముందుకు వస్తాడు. అప్పుడామె ఆపుతుంది. చెడనివాళ్లని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటుంది.

దీన్ని చాలామంది సౌజన్యారావుకి పెట్టిన పరీక్షగా చూస్తారు. నాకు మాత్రం ఇద్దరికీ పరీక్ష అనిపిస్తుంది. తన పవిత్రతని కాపాడుకోవడం కోసం ఇంకొకడిని ఉరికి వదిలేస్తే ఆ పవిత్రత ఎందుకు పనికొస్తుందో ఆయనకి ఆ క్షణంలోనే అర్థమవుతుంది. అంతవరకూ ఆయన మంచితనం ఖర్చులేని మంచితనం. ఇక మధురవాణి సంగతికొస్తే, అడిగింది చేతికందే సమయానికి వద్దనుకుంటుంది. ఆమె నాటకమంతా ఎన్ని అబద్ధాలాడినా ఒక గీత దాటలేదు: అమాయకుడిని బలిపెట్టి లాభపడదు. గిరీశానికి అలాంటి గీత ఎక్కడా లేదు. ఇద్దరూ మాటకారులే, ఇద్దరూ మోసగాళ్లే. తేడా అక్కడే ఉంది, అబద్ధాల లెక్కలో కాదు.

బుచ్చమ్మని లేవదీసుకొచ్చిన గిరీశం గుట్టు మధురవాణి విప్పాక సౌజన్యారావు తీర్పు చెప్పేస్తాడు. బుచ్చమ్మని పూనా వితంతు శరణాలయానికి పంపి చదివించాలి, గిరీశం ముందు బుద్ధిగా చదువుకోవాలి. గిరీశం ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అంటాడు, తెర పడుతుంది, మనం చప్పట్లు కొడతాం. ఆ తీర్పుని తప్పు పట్టడానికి నాకూ నోరు రాదు. కాకపోతే బుచ్చమ్మ గిరీశంతో లేచిపోయింది కేవలం మోజుతో కాదు. తను వెళ్తే చెల్లెలి పెళ్లి ఆగుతుందని అతను నమ్మించాడు, ఆమె నమ్మింది. నాటకంలో పరువుని, భవిష్యత్తుని పణంగా పెట్టి, తన కోసం ఏమీ అడక్కుండా అడుగేసింది ఆమె ఒక్కతే. గిరీశం, సౌజన్యారావు, మధురవాణి, ముగ్గురూ ఆమె బతుకు గురించి మాట్లాడతారు. పూనా వెళ్లడం ఇష్టమేనా అని ఆమెని అడిగిన వాళ్లు లేరు. దొంగ సంస్కర్త చెయ్యి పట్టుకుని బయల్దేరిన అమ్మాయిని అసలు సంస్కర్త చేతిలో పెట్టేసరికి కథ సుఖాంతమైందని సర్దుకోవడం మనకి అలవాటైంది గానీ, గురజాడకి అంత నమ్మకం ఉన్నట్టు ఆ చివరి రంగం చదివితే నాకనిపించదు.